అంగడి చెల్లింపులకు యంత్రపు కావలి
(స్వాధ్యాయ పాఠము)

1. పూర్వపు వర్తకుని కన్ను

తుంగభద్ర యొడ్డున నున్న సిరుగుప్ప వరి పంటకును, బియ్యపు మిల్లులకును పేరు పొందిన ఊరు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో చేరినవి. సిరుగుప్ప బళ్లారితోపాటు మైసూరు రాష్ట్రమునకు చెందినది. పటము మీద హద్దు గీసిరి గాని బేరమునకు హద్దు పడలేదు. ఒక బస్తాకు కన్నడములో ధర చెప్పి, మరొక బస్తాకు తెలుగులో ధర చెప్పుట ఈ ప్రాంతపు అంగళ్లలో నేటికిని వాడుకయే.

పూర్వపు వర్తకుడు గల్లాపెట్టె ముందు కూర్చుండి మూడు పరీక్షలు చేసెడివాడు. వచ్చిన మనిషి మొగము చూచెడివాడు. ఇచ్చిన నాణెమును రాతిమీద మ్రోగించి చూచెడివాడు. అరువైనచో చిట్టా ఆవర్జాలు తిరుగవేసి పాత బాకీ చూచెడివాడు. ఎవరికెంతవరకు అరువీయవచ్చునో, క్రొత్తవానికి ఎంతలో ఆపవలెనో అతని మనస్సులో ముందే నిర్ణయమై యుండెడిది. దానిని నియమమని అతడు పిలువలేదు. కాని అది నియమమే.

నేడు మొగము కనబడదు, నాణెము మ్రోగదు. గోడకు తగిలించిన క్యూఆర్ చీటీని కొనుగోలుదారు ఫోనుతో చూచును. బల్లమీది చిన్నపెట్టె రూపాయల మొత్తమును పలుకును. అంతటితో బేరము ముగిసినది. ఈ రెప్పపాటు కాలములో ఆ పాత పరీక్షలు మూడును ఎవరు చేయుచున్నారు? ఎట్లు చేయుచున్నారు? తప్పు జరిగినచో దోషమెవరిది? ఈ పాఠము నందలి విషయమిదియే.

2. రూపాయి నడచు త్రోవ

భారత జాతీయ చెల్లింపుల సంస్థ 2016లో యూపీఐ పద్ధతిని ప్రవేశపెట్టినది. ఇందులో కొనువాని బ్యాంకు, అమ్మువాని బ్యాంకు, నడుమ ఆ సంస్థ యంత్రములు, ఇరువురి ఫోనులలోని అప్లికేషనులు ఉండును. కార్డుతోగాని వెబ్‌సైటు ద్వారాగాని అమ్మువారి విషయములో పేమెంటు అగ్రిగేటరు అను మరొక మధ్యవర్తి యుండును. పలువురు కొనుగోలుదార్ల సొమ్మును తాను పుచ్చుకొని, లెక్క కట్టి, వర్తకుని ఖాతాలో జమచేయుట అతని పని. మండీలో అడితిదారుని వంటివాడనిన తెలిసికొనుట సులభము.

అడితిదారునికి బాధ్యత యున్నట్లే ఇతనికిని గలదు. 2020 మార్చి 17న రిజర్వు బ్యాంకు జారీచేసిన మార్గదర్శకములు, అగ్రిగేటరు తాను చేర్చుకొను వర్తకుని పూర్వోత్తరములు విచారింపవలెననియు, వసూలైన సొమ్మును షెడ్యూల్డు బ్యాంకులో ప్రత్యేకమైన ఎస్క్రో ఖాతాలో నుంచవలెననియు ఆదేశించినవి. 2025 సెప్టెంబరులో ఈ విషయమై సమగ్రమైన క్రొత్త ఆదేశములు వెలువడినవి.

ఇంతమంది మధ్యవర్తులలో ప్రతివాని యొద్దను ఒక యంత్రపు కావలి యున్నది. లక్షలకొలది చెల్లింపులను మనుష్యులు ఒక్కొక్కటిగా చూడజాలరు. కనుక "ఇట్టి గుర్తు కనబడినచో ఇట్లు చేయుము" అని యంత్రమునకు ముందుగా వ్రాసి యిత్తురు. దీనినే స్వయంచాలక నష్టభయ నియమమందురు.

3. అచౌర్యమునకు ఐదు అతిచారములు

శ్రావకుని పండ్రెండు వ్రతములలో అచౌర్యము మూడవ అణువ్రతము. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయములో ఈ వ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. ఒకనిని దొంగతనమునకు పురికొల్పుట, దొంగసొత్తు పుచ్చుకొనుట, రాజ్యశాసనమును మీరుట, కొలతలలో తూకములలో మోసము చేయుట, మేలి వస్తువు పేర నకిలీ నమ్ముట అని వాని తాత్పర్యము.

ఈ ఐదును నేటి చెల్లింపులలో స్పష్టముగా కనబడుచున్నవి. "నీ ఖాతాలోనికి సొమ్ము వచ్చును, నూటికింత ఉంచుకొని మిగిలినది పంపుము" అని చెప్పువాని మాట విని ఖాతా అప్పిచ్చినవాడు దొంగసొత్తు పుచ్చుకొన్నవాడే. ఇట్టి ఖాతాలను మోత ఖాతాలందురు. వీనిని పసికట్టుటకై రిజర్వు బ్యాంకు ఆవిష్కరణ కేంద్రము మ్యూల్‌హంటర్ అను యంత్రసాధనమును తయారుచేసినట్లు 2024 డిసెంబరులో ప్రకటింపబడినది. జరుగని చెల్లింపునకు బొమ్మ చూపి సరకు పట్టుకొనిపోవుట నకిలీ వ్యవహారము. వర్తకుని క్యూఆర్ చీటీ మీద తన చీటీ అంటించుట తిన్ననైన దొంగతనము. "పొరపాటున ఎక్కువ పంపితిని, తిరిగి పంపుము" అని కల్లలాడుట తూకపు మోసమునకు తోబుట్టువు.

ఇందులో రెండవ అతిచారమును వర్తకుడు బాగుగా గమనింపవలెను. తాను దొంగిలింపకున్నను, దొంగసొత్తు తన గల్లాలోనికి రానిచ్చుట దోషమని శాస్త్రము చెప్పుచున్నది. కనుక కావలి పెట్టుకొనుట లోభముచేత మాత్రమే చేయు పని గాదు, వ్రతరక్షణము కూడ. కర్మ లోనికి ప్రవేశించుట ఆస్రవమనియు, దానిని ద్వారముకడనే ఆపుట సంవరమనియు జైనదర్శనము చెప్పును. చెల్లింపు నియమము అంగడికి సంవరము వంటిది. జరిగిన నష్టమును తరువాత వెదకుటకంటె ద్వారముకడ చూచుట మేలు.

4. నియమమునకు మూడు అంగములు

ప్రతి నియమమునకును గుర్తు, మేర, చర్య అని మూడు అంగములుండును.

గుర్తు అనగా దేనిని చూడవలెనో అది. చెల్లింపు మొత్తము, వేళ, ఒకే ఫోనునుండి వచ్చిన చెల్లింపుల సంఖ్య, కార్డు మొదటిసారి కనబడుట, సరకు చేరవలసిన ఊరు, వాపసు కోరికలు మొదలైనవి గుర్తులు. మేర అనగా ఎంతవరకు సహింపవలెనో అది. గుర్తు మేర దాటినపుడు చేయవలసినది చర్య.

ఉదాహరణకు వెబ్‌సైటు ద్వారా బియ్యపు బస్తాలు అమ్ము వర్తకుడు ఇట్లు వ్రాసికొనవచ్చును: ఒకే కార్డు పది నిమిషములలో మూడుకంటె ఎక్కువసార్లు విఫలమైనచో ఒక గంటసేపు ఆ కార్డును నిలుపుము. ఇందులో గుర్తు విఫలమైన ప్రయత్నములు. మేర పది నిమిషములలో మూడు. చర్య గంటసేపు నిలుపుట. దొంగిలించిన కార్డు సంఖ్యలలో ఏవి పనిచేయునో తెలిసికొనుటకు దుండగులు చిన్న చిన్న మొత్తములతో వెంటవెంటనే ప్రయత్నింతురు గనుక ఈ నియమమునకు హేతువున్నది. హేతువు చెప్పలేని నియమమును వ్రాయరాదు.

చర్యలు నాలుగు మెట్లుగా నుండవలెను. మొదటిది, పోనిచ్చి గుర్తు వ్రాసికొనుట. రెండవది, మరియొక నిరూపణ మడుగుట. మూడవది, మనుష్యుడు చూచువరకు ఆపియుంచుట. నాలుగవది, పూర్తిగా నిరాకరించుట. అనుభవము లేనివారు అన్నిటికిని నాలుగవ మెట్టునే వాడుదురు. అది ఎలుకకై ఇల్లు తగులబెట్టుట వంటిది.

యూపీఐలోనే ఇట్టి నియమములకు మంచి నిదర్శనములున్నవి. క్రొత్తగా నమోదైన వానికి తొలి 24 గంటలలో 5,000 రూపాయల పరిమితి విధించిరి. క్రొత్తవానిని వెడలగొట్టలేదు, పరిచయము కలుగువరకు మేర తగ్గించిరి. పాత వర్తకుని అరువు నియమమిదియే. ఒక వ్యక్తి మరొక వ్యక్తికి "నాకు సొమ్ము పంపుము" అని కోరిక పంపు పద్ధతి మోసమునకు సాధనమైనందున దానిని 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేసిరి. ఒక త్రోవలో మేలుకంటె కీడు హెచ్చినపుడు త్రోవనే మూయుటకు ఇది నిదర్శనము.

5. లెక్క చెప్పు సత్యము

తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట రాజగు అమోఘవర్షుని కాలమున నున్న జైన గణితవేత్త మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. పావులూరి మల్లన దానిని తెనిగించెను. వడ్డీలు, బంగారపు వన్నెలు, త్రైరాశికము మొదలైన వర్తకపు లెక్కలకు ఆ గ్రంథములో విశేషస్థాన మున్నది. లెక్క లేక వర్తకమున ధర్మము నిలువదని తెలిసిన సంప్రదాయమది. ఇచ్చటను లెక్క తప్పనిసరి.

ఒక అంగడికి 10,000 చెల్లింపులు వచ్చినవనియు, అందులో 10 మోసములనియు అనుకొనుడు. ఇవి పాఠముకొరకు తీసికొన్న అంకెలు. మొదటి నియమము ఆ పదిలో 8 పట్టుకొన్నది. వినుటకు బాగుగనే యున్నది. కాని అదే నియమము మంచి చెల్లింపులలో 200 కూడ ఆపినది. మొత్తము ఆపినవి 208. అందు నిజమైన మోసములు 8. అనగా ఆపబడిన 26 మందిలో ఒక్కడే దోషి. 25 మంది నిర్దోషులు.

రెండవ నియమము రెండు గుర్తులు కలిసి కనబడినపుడు మాత్రమే ఆపును. అది 6 మోసములే పట్టినది. కాని మంచివానిలో 24 మాత్రమే ఆపినది. ఆపిన 30లో 6 నిజము. అనగా ఐదింట ఒకటి.

ఒక్కొక్క మోసమునకు 4,000 రూపాయల నష్టమనియు, ఆపబడిన ప్రతి మంచి బేరము వలన 100 రూపాయల లాభము పోవుననియు లెక్కింపుడు. మొదటి నియమము 32,000 కాపాడి 20,000 పోగొట్టినది, మిగులు 12,000. రెండవది 24,000 కాపాడి 2,400 పోగొట్టినది, మిగులు 21,600. ఎక్కువమంది దొంగలను పట్టిన నియమమే తక్కువ మేలు చేసినది. తిరిగి రాని కొనుగోలుదారుని, నలుగురి యెదుట చిన్నబోయిన మనిషిని ఈ లెక్కలో చేర్చనే లేదు.

కనుక "ఎంతమంది దొంగలను పట్టినది?" అనునది సగము ప్రశ్న. "పట్టిన వారిలో ఎందరు దొంగలు కారు?" అనునది మిగిలిన సగము.

6. సిరుగుప్ప నేర్పు పాఠము

నియమము ఏ ఊరిలో పనిచేయునో ఆ ఊరి స్థితిగతులు దానికి తెలియవలెను. ఎక్కడనో మహానగరములో కూర్చున్నవాడు "అంగడి యున్న రాష్ట్రము వేరు, కొనువాని ఖాతా యున్న రాష్ట్రము వేరు, ఇది అనుమానాస్పదము" అని వ్రాసెననుకొనుడు. సిరుగుప్పలో ఆ నియమ మేమగును? తూర్పున కర్నూలు జిల్లా పల్లెలవారు రోజును సరకులకు వత్తురు. కర్ణాటకలోని అంగడికి ఆంధ్రలోని ఖాతానుండి సొమ్ము వచ్చుట ఇచ్చట వింత గాదు, నిత్యకృత్యము. హద్దు సీమలో పొరుగు రాష్ట్రము గుర్తే కాజాలదు.

రెండవది కాలము. తుంగభద్ర నీటి క్రింద వరి పండు ఊరిలో కోతల కాలము వేరు, మిగిలిన కాలము వేరు. "నిన్నటికంటె ఐదింతలు సొమ్ము వచ్చినచో ఖాతా నాపుము" అను నియమము కోతల వారములో మిల్లు వర్తకుని మీద పడుననుకొనుడు. మూడు దినముల వసూళ్లు నిలిచిపోవును. వడ్లు తెచ్చిన రైతునకు, బస్తాలు మోసిన హమాలీకి, లారీవానికి ఆ సాయంకాలము ఈయవలసిన సొమ్ము రాదు. వర్తకుడు దొంగ కాడు, రైతు దొంగ కాడు, హమాలీ అసలే కాడు. అయినను ఆ రాత్రి హమాలీ యింట పొయ్యి వెలుగక పోవచ్చును. కనుక పోల్చవలసినది నిన్నటితో గాదు. నిరుడు ఇదే కోతల కాలముతో.

7. కృతము, కారితము, అనుమోదితము

తాను చేయుట కృతము. ఇతరులచే చేయించుట కారితము. చేయగా మెచ్చుకొనుట అనుమోదితము. కర్మబంధమునకు ఈ మూడును ద్వారములని జైనశాస్త్రము బోధించుచున్నది. "నేను చేయలేదు, యంత్రము చేసినది" అనువానికి ఇందులో చోటు లేదు. యంత్రమునకు మనస్సు లేదు, సంకల్పము లేదు. నియమము వ్రాసినవాని సంకల్పమే దానిలో పనిచేయుచున్నది. యంత్రము ఆపిన ప్రతి చెల్లింపు దానికి నియమ మిచ్చినవానికి కారితము. ఫలితము చూచియు మార్పక యూరకుండినవానికి అనుమోదితము.

అట్లని కావలి తీసివేయుట అహింస కాదు. వృద్ధురాలి పింఛను సొమ్మును దుండగుడు లాగుచుండగా చూచి ఊరకుండుటయు హింసయే. ఇటు నిర్దోషిని ఆపుట హింస. అటు దోషిని పోనిచ్చుట హింస. రెండింటిని తూచి తక్కువ హింస గల మేరను వెదకుటయే వివేకము.

ఇందుకు అనేకాంతదృష్టి తోడ్పడును. అర్ధరాత్రి వచ్చిన చెల్లింపు ఒకవిధముగ చూడగా అనుమానము. మరియొకవిధముగ చూడగా ఆసుపత్రికి పోవువాని అవసరము. గుర్తు గుర్తే గాని నిర్ణయము గాదు. కనుకనే పెద్ద చర్యకు ముందు మనుష్యుని చూపు, ఆపబడినవాని మాట వినుట అవసరము.

న్యాయస్థానములును ఈ తూకమును గుర్తించుచున్నవి. మోసపు సొమ్ములో కొంత తెలియక తమ ఖాతాలోనికి వచ్చినందున ఖాతా యంతయు నిలిచిపోయిన వర్తకుల మొరపై, నిలుపుదలను పోలీసులు తెలిపిన వివాదపు మొత్తమునకే పరిమితము చేయవలెనని కేరళ హైకోర్టు 2023లో ఆదేశించినది. ఐదువందల అనుమానమునకు ఐదులక్షల ఖాతాను బంధింపరాదను న్యాయము, నియమములు వ్రాయువారికిని ఆదర్శము.

8. నియమము నెలకొల్పు క్రమము

మొదట, గడచిన సంవత్సరపు లెక్కలు ముందుంచుకొని ఏ మోసములు నిజముగ జరిగినవో పట్టిక వ్రాయవలెను. వినికిడి భయములకు నియమములు వ్రాయరాదు.

రెండవది, ఒక్కొక్క మోసమునకు ముందు కనబడిన గుర్తులను వ్రాయవలెను. అదే గుర్తు మంచి బేరములలో ఎన్నిసార్లు కనబడినదో కూడ ప్రక్కనే వ్రాయవలెను.

మూడవది, నియమమును పాత లెక్కలమీద నడిపి చూడవలెను. ఎందరిని పట్టెడిది, ఎందరిని వృథాగా ఆపెడిది తెలియును.

నాలుగవది, కొన్ని వారములు నియమమును మౌనముగా నడుపవలెను. అది చూచి వ్రాసికొనును గాని ఎవరిని ఆపదు. క్రొత్త గుమాస్తాకు మొదటి నెలలో గల్లా తాళము ఈయనట్లే.

ఐదవది, చిన్న చర్యతో ప్రారంభించి అవసరమును బట్టి పెంచవలెను.

ఆరవది, ఎరిగిన ఖాతాదారుల జాబితా యుంచవచ్చును. కాని దానికిని గడువుండవలెను. ఎరిగినవాని ఫోనే దొంగచేతిలో పడవచ్చును.

ఏడవది, ప్రతి నియమము ప్రక్కను ఎవరు వ్రాసిరి, ఎందుకు వ్రాసిరి, ఎప్పుడు తిరిగి చూడవలెను అను మూడు మాటలు వ్రాయవలెను. వ్రాసినవాడు వెడలిపోయి, హేతువు మరచిపోయి, నియమము మాత్రము మిగిలిన అంగళ్లు అనేకములు.

ఎనిమిదవది, ఆపబడినవాడు ఎవరితో చెప్పుకొనవలెనో స్పష్టముగా తెలుపవలెను. వాని భాషలో తెలుపవలెను.

9. యంత్రము లేని చిన్న అంగడికి

కిరాణా అంగడివానికి ఇట్టి యంత్రము సొంతముగా నుండదు. అయినను ఒక అట్టమీద వ్రాసి గల్లాపెట్టె ప్రక్క పెట్టుకొనదగిన నియమములున్నవి. కొనువాని ఫోనులోని బొమ్మ చూచి సరకీయరాదు; సొమ్ము తన ఖాతాలో పడినట్లు తెలిసిన పిదపనే ఈయవలెను. ప్రతి ఉదయము క్యూఆర్ చీటీ తనదేనా యని ఒక రూపాయి పంపి చూడవలెను. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అవసరము లేదు; పిన్ అడిగినచో సొమ్ము పోవుచున్నదని గ్రహింపవలెను. ఎక్కువ వచ్చినదని ఎవడైన అన్నచో ఖాతా చూచి, బ్యాంకు ద్వారమున వాపసు చేయవలెను. ఖాతాను గాని, సిమ్ కార్డును గాని కమీషనుకు ఎవరికిని ఈయరాదు.

మోసము జరిగినచో ఆలస్యము చేయరాదు. 1930 అను జాతీయ సహాయ సంఖ్యకు వెంటనే తెలుపవలెను, బ్యాంకునకును తెలుపవలెను. ఖాతాదారుని తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేక మూడవవారి వలన అనధికార చెల్లింపు జరిగినపుడు, మూడు పనిదినములలోగా తెలిపిన ఖాతాదారునికి బాధ్యత లేదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి ఉత్తరువులో నిర్ణయించినది. పిన్ తానే చెప్పినవానికి ఆ రక్షణము లేదు. తెలుపువరకు జరిగిన నష్టము వానిదే. ఒకని తొందర ఒకని సొమ్మును కాపాడును.

ప్రభుత్వపు నియమములును ఈ త్రోవనే నడచుచున్నవి. చెల్లింపుల నిరూపణమును గూర్చి రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశములు 2026 ఏప్రిల్ 1 నుండి అమలు కావలెనని నిర్ణయింపబడినవి. రెండు నిరూపణములు తప్పనిసరి యనుటతోపాటు, ఖాతాదారుని నడవడి, స్థలము, ఫోను మొదలైనవి చూచి నష్టభయమును బట్టి అదనపు పరీక్ష చేయవచ్చునని వానిలో నున్నది.

10. ప్రతిక్రమణము

శ్రావకుడు దినాంతమున ప్రతిక్రమణము చేయును. జరిగిన అతిచారములను తలచుకొని, ఒప్పుకొని, వెనుకకు మరలును. అంగడి లెక్క మూయు వేళ నియమములకును అట్టి ప్రతిక్రమణ ముండవలెను. ఈ దినము ఎవరిని ఆపితిమి? అందు నిర్దోషులెవరు? వారికి సమాధానము చెప్పితిమా? పోనిచ్చిన దోషి యెవడు? ఏ మేర మార్పవలెను? ఈ ప్రశ్నలు అడుగని నియమము దినదినమునకు కఠినమగును. దానిని వ్రాసినవాని మనస్సును కూడ కఠినము చేయును.

త్రాసు ముల్లు నడుమ నిలుచుటకు వర్తకుడు దినమును త్రాసు తుడిచికొనును. యంత్రపు కావలియు త్రాసే. దాని ముల్లు అనుమానము వైపు ఒరుగకుండ, అజాగ్రత్త వైపు ఒరుగకుండ చూచుకొను వర్తకుని అంగడిలో లక్ష్మియు నిలుచును, వ్రతమును నిలుచును.

స్వాధ్యాయమునకు ప్రశ్నలు

1. అచౌర్య వ్రతపు ఐదు అతిచారములలో మోత ఖాతా దేనికి చెందును?
2. నియమమునకు గల మూడు అంగము లేవి? మీ అంగడికి ఒక నియమము వ్రాసి, దాని హేతువు చెప్పుడు.
3. 5,000 చెల్లింపులలో 5 మోసములున్నవి. ఒక నియమము 4 మోసములను, 76 మంచి చెల్లింపులను ఆపినది. ఆపబడిన ఎందరిలో ఒకడు దోషి?
4. సిరుగుప్పలో పొరుగు రాష్ట్రపు ఖాతాను అనుమానించు నియమము ఏల చెల్లదు?
5. యంత్రము చేసిన తప్పు కృతమా, కారితమా, అనుమోదితమా? కుటుంబములో చర్చింపుడు.